ఆస్టరిక్స్ ఇన్ బ్రిటన్: ఈ కార్టూన్ సినిమా గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఆస్టరిక్స్ బొమ్మల పుస్తకాలు మన దగ్గర చాలామందికి బడి లైబ్రరీలోనో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదో పరిచయమై ఉంటాయి. ఆ కథలతో తీసిన సినిమాలు చూసినవాళ్ళు తక్కువ. చూసినవాళ్ళలోనూ ఈ ఒక్క సినిమా మీద భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. కొందరికి పొట్ట చెక్కలయ్యేంత నవ్వు వస్తుంది. ఇంకొందరు మాత్రం 'ఒక దేశం వాళ్ళు ఇంకో దేశం వాళ్ళని వెక్కిరించడంలో గొప్పేముంది?' అని అడుగుతారు. ఈ రెండో ప్రశ్నకు నిదానంగా జవాబు చెప్పాలనే ఈ పేజీ రాశాను. దాని చుట్టూ వచ్చే మిగతా ప్రశ్నలు కూడా చేర్చాను.

ఇది ఏ సినిమా? ఎప్పటిది?

1986 డిసెంబరులో ఫ్రాన్స్‌లో విడుదలైన కార్టూన్ సినిమా. దర్శకుడు పీనో వాన్ లామ్స్‌వీర్డ్. నిడివి సుమారు 80 నిమిషాలు. 1966లో పుస్తకంగా వచ్చిన అదే పేరున్న కామిక్ దీనికి ఆధారం. ఆ కామిక్ అంతకు ముందు ఏడాది 'పీలోత్' అనే ఫ్రెంచి కామిక్స్ పత్రికలో సీరియల్‌గా నడిచింది. రచన రెనే గోసిన్నీ, బొమ్మలు ఆల్బేర్ ఉదెర్జో. సినిమా వచ్చేనాటికి గోసిన్నీ లేరు. 1977 నవంబరులో గుండెకు పరీక్ష చేయించుకుంటూ ఉండగానే, 51 ఏళ్ళకే చనిపోయారు.

కథ ఏమిటి?

క్రీ.పూ. 50. జూలియస్ సీజర్ బ్రిటన్ మీద దండెత్తుతాడు. బ్రిటన్లు బాగానే పోరాడతారు, కానీ సాయంత్రం ఐదు అయ్యిందంటే యుద్ధం ఆపేసి వేడినీళ్ళు తాగడానికి వెళ్ళిపోతారు. శని, ఆదివారాలు కూడా యుద్ధానికి సెలవే. ఇది కనిపెట్టిన సీజర్ సరిగ్గా ఐదింటికీ, వారాంతాల్లోనూ దాడి చేసి దేశాన్ని గెలుచుకుంటాడు. ఒక్క ఊరు మాత్రం లొంగదు. ఆ ఊరి కుర్రాడు యాంటీక్లైమాక్స్ సముద్రం దాటి, గాల్ దేశంలో (ఇప్పటి ఫ్రాన్స్) ఉన్న తన దూరపు చుట్టం ఆస్టరిక్స్ దగ్గరికి సాయం కోసం వస్తాడు. మనిషికి ఏనుగుబలం ఇచ్చే మంత్రపానీయం ఒక పీపా నిండా తీసుకుని ఆస్టరిక్స్, అతని స్నేహితుడు ఒబెలిక్స్ ఆ కుర్రాడితో బయల్దేరతారు. లండన్ చేరాక ఆ పీపా వంద పీపాల మధ్య కలిసిపోతుంది, ఆపైన దొంగల పాలవుతుంది. మిగతా కథంతా దాని కోసం వెతుకులాటే.

(ముగింపు తెలియకూడదనుకుంటే, కింద టీ గురించిన ప్రశ్న చదవకండి.)

ఆస్టరిక్స్ పుస్తకాలు చదవకపోయినా చూడొచ్చా?

నిరభ్యంతరంగా చూడొచ్చు. మంత్రపానీయం సంగతి, ఒబెలిక్స్ చిన్నప్పుడే దాని గంగాళంలో పడ్డాడు కాబట్టి అతనికి ఇక తాగే అవసరం లేదన్న సంగతి తెలిస్తే చాలు.

బ్రిటిష్‌వాళ్ళని ఎగతాళి చేయడమే కదా? ఇందులో చూడాల్సింది ఏముంది?

ఈ ప్రశ్న న్యాయమైనదే. 'ఫలానా దేశం వాళ్ళు ఇలాగే ఉంటారు' అని గీసే బొమ్మల్లో చాలావాటికి నాకూ నవ్వు రాదు. ఈ సినిమా విషయంలో నా అభిప్రాయం వేరుగా ఉండటానికి కారణం, ఇందులో ఎగతాళి చేసేవాళ్ళకీ, చేయించుకునేవాళ్ళకీ మధ్య ఉన్న దూరం బాగా తక్కువ.

ఫ్రాన్స్‌కీ ఇంగ్లండ్‌కీ మధ్య సముద్రం ఇరుకైన చోట 33 కిలోమీటర్లే. శతాబ్దాలుగా యుద్ధాలు చేసుకున్నారు, సంబంధాలు కలుపుకున్నారు, వంటల మీదా వాతావరణం మీదా దెప్పుకున్నారు. రెండూ సామ్రాజ్యాలు నడిపిన దేశాలే. ఒకరిది పైచేయి, ఒకరిది కిందచేయి అనడానికి లేదు. మన పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర వియ్యాలవారిని ఎత్తిపొడుస్తూ పాటలు పాడేవారు. ఈ సినిమాలో వెటకారం ఆ జాతిదే. ఎదుటివాళ్ళ ఇల్లూ వాకిలీ పద్ధతులూ దగ్గరగా చూసినవాళ్ళు మాత్రమే అలాంటి మాట అనగలరు, అనిపించుకున్నవాళ్ళు కూడా మరుసటి పూట తిరిగి అనగలరు.

రెండో సంగతి, ఇందులో బ్రిటన్లు వెర్రివాళ్ళు కారు. యాంటీక్లైమాక్స్‌ని గమనించండి. చెయ్యి విరిగేంత ప్రమాదంలోనూ గొంతు పెంచడు, మర్యాద తప్పడు, భయపడడు. ఓడ మునుగుతున్నా చిన్న ఇబ్బంది వచ్చినట్టే మాట్లాడతాడు. ఆ నిబ్బరాన్ని చూసి నవ్వుతాం, నవ్వుతూనే ఆ మనిషిని ఇష్టపడతాం. పుస్తకంలో ఒక బ్రిటన్ తన పచ్చిక బయలుని చిన్న కొడవలితో, మంగలి జుట్టు సవరించినంత శ్రద్ధగా కత్తిరిస్తూ ఉంటాడు. ఇంకో రెండువేల ఏళ్ళు ఇలాగే చూసుకుంటే చక్కటి పచ్చిక అవుతుందని అతని ఆశ. అటుగా వచ్చిన రోమన్ సైనికులు దాన్ని తొక్కుకుంటూ పోబోతే, ఆ పెద్దమనిషి ఈటె తీసి దళనాయకుడి గుండెకు గురిపెడతాడు. తోట చిన్నదే కావచ్చు, ఈటె మాత్రం గట్టిదని చెబుతాడు. దేశం మొత్తం ఆక్రమించిన సైన్యం ఆ పచ్చిక ముందు ఆగిపోతుంది. తోట పిచ్చిని ఎగతాళి చేస్తూనే ఆత్మగౌరవాన్ని అంతలా నిలబెట్టిన దృశ్యం నేను ఇంకో కామిక్‌లో చూడలేదు.

మూడోది, గాల్‌లు తమని తాము కూడా వదలరు. తిండిపోతులు, ఊరికే తగువులాడేవాళ్ళు, మన వంటే వంట మన దేశమే దేశం అనుకునేవాళ్ళు. ఒబెలిక్స్ బ్రిటన్‌లో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ వేసే ప్రతి గొణుగుడూ పరాయి దేశం వెళ్ళి మన కూర దొరకలేదని గోలపెట్టే ఫ్రెంచి యాత్రికుడి మీద చెణుకే.

మరి బ్రిటిష్‌వాళ్ళు నొచ్చుకోలేదా?

లేదనే చెప్పాలి. బ్రిటన్‌లో ఆస్టరిక్స్ పుస్తకాలకు పెద్ద పాఠకలోకం ఉంది. వాటిలో ఈ కథ వాళ్ళకి బాగా నచ్చినవాటిలో ఒకటి. ఇంగ్లిష్ ప్రచురణకు రచయితలు ఒక చిన్న ముందుమాట కూడా చేర్చారు. తమకు ఇష్టమైనవాళ్ళనే ఇలా గీస్తామని, బ్రిటిష్‌వాళ్ళంటే తమకు ఇష్టమేనని దాని సారం.

కాలం సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 1963లోనూ, మళ్ళీ 1967లోనూ యూరోపియన్ ఉమ్మడి మార్కెట్లో బ్రిటన్ చేరకుండా ఫ్రెంచి అధ్యక్షుడు ద గోల్ అడ్డుపడ్డారు. ఆ రెండు తిరస్కారాల మధ్య వచ్చిన పుస్తకం ఇది. రాజకీయంగా అంత పేచీ నడుస్తున్న రోజుల్లో, ఇద్దరూ చుట్టాలేనని, కలిసి పోరాడాలని కథ రాయడం చిన్న విషయం కాదు.

ఈ జోకులు మనకి అర్థమవుతాయా? ముందుగా ఏమైనా తెలుసుకోవాలా?

చాలావరకు వాటంతట అవే అర్థమవుతాయి. ఉడకబెట్టిన అడవిపంది మాంసం మీద పుదీనా సాస్ పోసి తెస్తే ఒబెలిక్స్ మొహం ఎలా మారుతుందో చూడటానికి ముందస్తు చదువు అక్కర్లేదు. గోరువెచ్చని బీరు కూడా అంతే. ఎప్పుడూ ఇలాగే మంచు కమ్మి ఉంటుందా అని అడిగితే, లేదు, వాన పడనప్పుడు మాత్రమే అని వచ్చే జవాబు మనల్నీ నవ్విస్తుంది.

కొన్నిటికి మాత్రం నేపథ్యం తెలిస్తే రుచి పెరుగుతుంది.

డబ్బు లెక్క: యాంటీక్లైమాక్స్ తమ నాణేల లెక్క చెబుతుంటే విన్నవాళ్ళకి తల తిరుగుతుంది. 1971 ఫిబ్రవరి 15 వరకు బ్రిటన్‌లో పౌండుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు, అంటే పౌండుకి 240 పెన్నీలు. పుస్తకం వచ్చినప్పుడు ఆ లెక్కే నడుస్తోంది. మనకి ఇది కొత్త కాదు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా మన రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైలు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ దృశ్యం వాళ్ళకి చూపించండి, మనకంటే ఎక్కువ నవ్వుతారు. ఇంకో విశేషం ఏమిటంటే, బ్రిటన్లు నిర్ణీత బరువుండే ఇనుప కడ్డీలను డబ్బుగా వాడతారని సీజరే తన యుద్ధ వృత్తాంతంలో రాశాడు. గోసిన్నీ ఆ ఇనుప కడ్డీని తీసుకుని ఆధునిక పౌండు లెక్కతో కలిపేశాడు.

ట్వీడ్ బట్ట: యాంటీక్లైమాక్స్ వేసుకున్న ట్వీడ్ బట్ట గురించి మాట్లాడుతూ, దర్జీ ధనవంతుడన్న మాట వస్తుంది. మనకి అది మామూలు వాక్యం. 1929లో వచ్చిన ప్రసిద్ధ అసిమిల్ ఇంగ్లిష్ వాచకం మొదటి పాఠంలో ఉన్న వాక్యం అది, తరాల తరబడి ఫ్రెంచివాళ్ళు ఇంగ్లిష్ నేర్చుకున్నది దానితోనే. ఫ్రెంచి హాల్లో ఆ మాటకి నవ్వు పేలుతుంది, మనం కదలకుండా కూర్చుంటాం.

సొరంగం: సముద్రం దాటేటప్పుడు రెండు దేశాల మధ్య సొరంగం తవ్వే ఆలోచన ఉందని, దానికి చాలాకాలం పట్టేలా ఉందని పుస్తకంలో ఒక మాట పడుతుంది. 1966 నాటికి ఆ సొరంగం ఇంకా మాటల్లోనే ఉంది. సినిమా వచ్చిన 1986లోనే, ఫిబ్రవరి 12న, ఆ సొరంగం కోసం రెండు దేశాలూ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. చేసిన ఊరు కాంటర్‌బరీ. కథలో రగ్బీ ఆడే జట్లలో ఒకటైన డురోవెర్నమ్ ఆ ఊరి పాత రోమన్ పేరే. సొరంగం 1994 మేలో తెరుచుకుంది.

రగ్బీ: రగ్బీ ఆట చూడని మనవాళ్ళకి అక్కడ నడిచేది ఆటో కొట్లాటో తెలియదు. తెలియకపోయినా ఫరవాలేదు, ఒబెలిక్స్‌కి కూడా అదే సందేహం, అందుకే అతనికి ఆట తెగ నచ్చేస్తుంది. కథలో వచ్చే ఐదు తెగల టోర్నీ అన్నది అప్పట్లో ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్, ఐర్లాండ్, ఫ్రాన్స్ ఆడే ఐదు దేశాల టోర్నీ మీద చెణుకు. 2000లో ఇటలీ చేరి ఇప్పుడది ఆరు దేశాల టోర్నీ అయింది.

ఒకేలా ఉండే ఇళ్ళ వరస, రెండంతస్తుల బండి, రోడ్డుకి ఎడమపక్క ప్రయాణం, ఇవన్నీ లండన్ ఫొటోలు చూసినవాళ్ళకే పట్టుబడతాయి. పుస్తకంలో బీటిల్స్ నలుగురూ ఒక బొమ్మలో ఆ కాలపు గాయకులుగా, చుట్టూ కేకలు పెట్టే అమ్మాయిలతో కనబడతారు.

ఇంగ్లిష్ డబ్బింగ్‌లో చూశాను, అందరూ అన్నంత నవ్వు రాలేదు. ఎందుకు?

ఈ మాట చాలామంది నుంచి విన్నాను, అందులో నిజం ఉంది. ఫ్రెంచిలో బ్రిటన్లు మాట్లాడేది ఫ్రెంచే, కానీ వాక్యం కట్టు మాత్రం ఇంగ్లిష్‌ది. ఫ్రెంచిలో నామవాచకం తర్వాత రావాల్సిన విశేషణాన్ని ముందు పెడతారు. ప్రతి మాట చివరా 'కాదంటారా?' లాంటి తోక తగిలిస్తారు. ఇంగ్లిష్ జాతీయాలను ఫ్రెంచిలోకి మక్కికి మక్కి దించుతారు. మొత్తం హాస్యంలో సగం ఆ మాట తీరులోనే ఉంది. సినిమాని ఇంగ్లిష్‌లోకి మార్చగానే అందరూ ఇంగ్లిష్‌లోనే మాట్లాడతారు కాబట్టి ఆ సగం ఆవిరైపోతుంది.

కామిక్‌ని ఇంగ్లిష్‌లోకి తెచ్చిన ఆంథియా బెల్, డెరెక్ హాక్‌రిడ్జ్ ఈ చిక్కుని తెలివిగా దాటారు. బ్రిటన్ల చేత కాస్త పాతకాలపు, దొరల ఇంగ్లిష్ మాట్లాడించారు. అందుకే ఇంగ్లిష్ మాత్రమే వచ్చినవాళ్ళకి నా సలహా, ముందు పుస్తకం చదివి ఆ తర్వాత సినిమా చూడమని. ఫ్రెంచి మాటలు, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ దొరికితే ఇంకా మంచిది. ఆస్టరిక్స్‌కి గొంతు ఇచ్చిన రొజే కారెల్, ఒబెలిక్స్‌కి ఇచ్చిన పియేర్ తోర్నాడ్ మధ్య దెబ్బలాటలు భాష రాకపోయినా వినసొంపుగా ఉంటాయి. కారెల్ 1967లో వచ్చిన మొదటి ఆస్టరిక్స్ సినిమాకీ గొంతు ఇచ్చారు, 2014లో వచ్చిన దానికీ ఇచ్చారు.

కథ పల్చగా ఉందని కొందరి విమర్శ. మీరేమంటారు?

ఒప్పుకుంటాను. పీపా పోవడం, దొరకడం, మళ్ళీ పోవడం, ఇదే వరస. మధ్యలో ఒక పది నిమిషాలు సాగదీసినట్టు ఉంటుంది. కానీ ఆ వరసలోనే సినిమాలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఉంది. మంత్రపానీయం ఏ పీపాలో ఉందో తెలియక రోమన్లు లండన్‌లో ఉన్న ద్రాక్షసారా పీపాలన్నీ జప్తు చేస్తారు. సైనికులు వరసగా ఒక్కొక్క పీపా రుచి చూసి, ఏది తాగితే బలం వస్తుందో చెప్పాలని హుకుం. మొదట అందరూ నిటారుగా నిలబడి క్రమశిక్షణతో తాగుతారు. నాలుగో పీపా దగ్గరికి వచ్చేసరికి శిరస్త్రాణాలు వంకర్లు పోతాయి. ఆ తర్వాత అధికారి అడిగే ప్రశ్నకి కింది సైనికుడు భుజం మీద చెయ్యి వేసి జవాబు చెబుతాడు. లోకాన్ని గెలిచిన సైన్యం, ఒక్క దెబ్బ తినకుండా, తన హుకుం తనే అమలు చేసుకుని కూలబడుతుంది. ఈ ఘట్టం ఏ దేశం మీదా కాదు, అధికారం మీద. అందుకే అది ఎక్కడివాళ్ళకైనా అందుతుంది.

బొమ్మలు, సంగీతం ఎలా ఉంటాయి?

చేత్తో గీసిన పాతకాలపు యానిమేషన్. ఇప్పటి కంప్యూటర్ బొమ్మలకి అలవాటుపడిన కళ్ళకి కాస్త మోటుగా అనిపించవచ్చు. ఉదెర్జో గీతలోని ఊపు మాత్రం పోలేదు, దెబ్బ తిన్న రోమన్ చెప్పులు నేలమీదే ఉండి మనిషి గాల్లోకి లేచే దృశ్యాలు కన్నులపండుగే. సంగీతం వ్లాదిమిర్ కొస్మా. అసలైన 80ల నాటి పాప్ వాసన కొడుతుంది. నాకు అది ఇష్టమే. పాట పాడింది లివర్‌పూల్ బృందం కుక్ డా బుక్స్. బ్రిటన్ మీద ఫ్రెంచివాళ్ళు తీసిన సినిమాకి బీటిల్స్ ఊరి కుర్రాళ్ళే పాడటం బాగుంది.

మరి టీ సంగతి?

బ్రిటన్లు ఐదింటికి తాగేది వట్టి వేడినీళ్ళు, కాసిని పాలు కలిపి. పీపా థేమ్స్ నది పాలయ్యాక, ఇక యుద్ధం తప్పదనే వేళ, ఆస్టరిక్స్ తన దగ్గరున్న ఏవో ఆకులను ఆ వేడినీళ్ళలో వేసి మంత్రపానీయం అని చెబుతాడు. అవి ఊరి వైద్యుడు గెటఫిక్స్ ఇచ్చిన ఆకులు. బ్రిటన్లు తాగుతారు, నమ్ముతారు, గెలుస్తారు. ఆ ఆకు తేయాకు అని చివర్లో తెలుస్తుంది.

మొత్తం సినిమాకి ఇదే ఆయువుపట్టు. గెలిచింది మందుతో కాదు, సొంత బలంతో. ఎగతాళి చేయడానికి వచ్చిన సినిమా, ఆ జనానికి విజయాన్ని వాళ్ళ చేతుల్లోనే పెట్టి వెళ్ళింది. నిజానికి టీ ఇంగ్లండ్ చేరింది 17వ శతాబ్దంలో. లండన్ జీవితం గురించి డైరీ రాసిన సామ్యూల్ పీప్స్ 1660లో మొదటిసారి ఒక కప్పు తాగినట్టు రాసుకున్నాడు. మన ఇళ్ళలోకి టీ వచ్చింది ఇంకా ఆలస్యంగా, 20వ శతాబ్దంలో తేయాకు కంపెనీలు పట్టుబట్టి చేసిన ప్రచారంతో.

ఓడ మీద నల్లజాతి కాపలావాడి బొమ్మ గురించి ఎవరూ మాట్లాడరెందుకు?

మాట్లాడాలి. ఆస్టరిక్స్ కథల్లో మళ్ళీ మళ్ళీ కనబడే సముద్రపు దొంగల ఓడ ఒకటుంది. దాని తెరచాప కొయ్య మీద కూర్చునే ఆఫ్రికన్ కాపలావాడిని లావుపాటి ఎర్రటి పెదాలతో గీశారు. ఫ్రెంచిలో అతనికి ఒక అక్షరం పలకనట్టు మాట రాశారు. ఆ దొంగల ముఠా మొత్తం, ఆస్టరిక్స్ వచ్చిన 'పీలోత్' పత్రికలోనే నడిచిన 'బార్బ్-రూజ్' అనే సముద్రపు దొంగల కామిక్‌కి పేరడీ, ఆ పాత్ర మూలం అక్కడిదేనని అభిమానులు చెబుతారు. అది చరిత్ర, సమర్థన కాదు.

బ్రిటన్ల మీద జోకులకి ఇచ్చిన మినహాయింపు దీనికి ఇవ్వలేం. ఫ్రాన్స్‌కీ ఆఫ్రికాకీ మధ్య ఉన్నది పక్కింటివాళ్ళ దెప్పుళ్ళు కావు. ఒకరు ఏలినవాళ్ళు, ఇంకొకరు ఏలబడ్డవాళ్ళు. ఆ పెదాల బొమ్మ ఒక మనిషి అలవాటునో, వంటనో, వాతావరణాన్నో గమనించి గీసింది కాదు. వలస పాలన రోజుల్లో పోస్టర్ల మీదా సబ్బు పెట్టెల మీదా తిరిగిన అచ్చుని తీసి అతికించింది. ఆ మనిషికి యాంటీక్లైమాక్స్‌కి ఉన్న నిబ్బరం లేదు, కథలో గెలిచే చోటు లేదు. ఆస్టరిక్స్‌ని ఎంతో ఇష్టపడే మనిషిగా చెబుతున్నాను, ఆ బొమ్మ తప్పు. అప్పటి కాలం అలాంటిదని కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే అదే కాలంలో అదే చేతులు బ్రిటన్లని అంత శ్రద్ధగా గీశాయి. పిల్లలతో చూస్తున్నప్పుడు ఈ పాత్ర వస్తే ఒక్క నిమిషం ఆపి ఈ సంగతి చెప్పండి. పదేళ్ళ మా మేనకోడలికి రెండు వాక్యాల్లో అర్థమైంది.

మనల్నీ ఇలాగే గీస్తే ఊరుకుంటామా?

గీశారు కూడా. 1987లో ఉదెర్జో ఒక్కరే రాసి గీసిన 'ఆస్టరిక్స్ అండ్ ది మ్యాజిక్ కార్పెట్'లో కథ గంగాతీరానికి వస్తుంది. ఎగిరే తివాచీ మీద ఫకీరు, వాన పడకపోతే బలి కావాల్సిన యువరాణి, కుట్ర పన్నే గురువు, ఏనుగులు. వేయిన్నొక్క గంటల గడువు. నాకు ఆ పుస్తకం చప్పగా అనిపించింది. నొచ్చుకున్నానని కాదు. ఆ భారతదేశం అరేబియన్ నైట్స్ నుంచి వచ్చింది, మన దగ్గర నుంచి కాదు. మన ప్రయాణాల్లో, పెళ్ళిళ్ళలో, ఆఫీసుల్లో, బేరాల్లో ఎంత హాస్యం ఉంది! దాన్ని చూసి గీసి ఉంటే మొదట నవ్వేవాళ్ళం మనమే. బ్రిటన్ పుస్తకంలో పచ్చిక కోసం ఈటె ఎత్తిన మనిషి లాంటివాడు ఇందులో ఒక్కడూ లేడు. వినికిడి మీద గీసినదానికీ కళ్ళారా చూసి గీసినదానికీ ఎంత తేడా ఉంటుందో ఈ రెండు పుస్తకాలు పక్కపక్కన పెడితే చాలు, తెలిసిపోతుంది.

ఇంకొకరిని అడిగే ముందు మన సినిమాలనీ చూసుకోవాలి. చాలాకాలం మన తెలుగు సినిమాల్లో తెలంగాణ యాస రౌడీలకీ, హాస్య పాత్రలకీ మాత్రమే దక్కింది. ఉత్తరాంధ్ర మాట వినబడితే పనివాడి పాత్రే అని ముందే తెలిసిపోయేది. ఈమధ్య కథానాయకులు ఆ యాసల్లోనే ప్రేమిస్తున్నారు, ఏడుస్తున్నారు, గెలుస్తున్నారు. నవ్వు పోలేదు, ఇంకా పెరిగింది. ఆ యాస మాట్లాడేవాళ్ళే రాస్తున్నారు కాబట్టి.

చరిత్రలో నిజమెంత?

సీజర్ క్రీ.పూ. 55లోనూ 54లోనూ రెండుసార్లు బ్రిటన్ మీదికి వెళ్ళిన మాట నిజం. గెలిచి పాలించిన మాట నిజం కాదు, రెండుసార్లూ తిరిగి వచ్చేశాడు. అసలు ఆక్రమణ క్రీ.శ. 43లో క్లాడియస్ చక్రవర్తి కాలంలో మొదలైంది. బ్రిటన్లు తలనీ పైపెదవినీ వదిలి ఒళ్ళంతా గొరిగించుకుంటారని సీజర్ రాశాడు. యాంటీక్లైమాక్స్ మీసం అక్కడి నుంచే మొలిచిందని నా ఊహ. పరాయి జాతి ఇలా ఉంటుందని బొమ్మ గీయడం సీజర్ రోజుల్లోనూ ఉంది.

పిల్లలకి చూపించవచ్చా?

ఏడెనిమిదేళ్ళు దాటినవాళ్ళకి చూపించవచ్చు. కొట్లాటలున్నా రక్తం ఉండదు, ఎవరూ చావరు. తాగి తూలే దృశ్యాలు ఉన్నాయి, అది నచ్చని తల్లిదండ్రులు ముందు ఒకసారి చూసుకోవడం మంచిది. ఆడపాత్రలు దాదాపు లేవు. ఈ లోటు ఆ కాలపు ఆస్టరిక్స్ కథలన్నిటా ఉన్నదే, ఆడపిల్లలు అడుగుతారు కూడా.

2012లో మనుషులతో తీసిన సినిమా చూశాను. అది చాలదా?

చాలదు. లొరాఁ తిరార్ తీసిన ఆ సినిమా ఈ కథనీ, నార్మన్ల మీద వచ్చిన ఇంకో ఆస్టరిక్స్ కథనీ కలిపింది. కాథరిన్ దెనూవ్ బ్రిటన్ రాణిగా బాగుంటుంది. కానీ బొమ్మలో మీసం చివర కదిలితే వచ్చే నవ్వు నిజం మనిషి మొహం మీద రాదు. అతిశయోక్తి అంతా గీతలో ఉన్న కథ ఇది.

ఇది నచ్చితే తర్వాత ఏది చూడాలి?

జాతుల మీద చెణుకులే కావాలనుకుంటే సినిమా కంటే పుస్తకాలు మేలు. స్విట్జర్లాండ్ శుభ్రత మీద వచ్చిన 1970 నాటి పుస్తకం, కార్సికా పౌరుషం మీద 1973లో వచ్చినది తప్పక చదవండి. కార్టూన్ సినిమాల్లో 2006 నాటి వైకింగ్ కథ పిల్లలకి, 2014లో వచ్చిన 'మ్యాన్షన్స్ ఆఫ్ ది గాడ్స్' పెద్దవాళ్ళకి. అపార్ట్‌మెంట్లు కట్టి ఒక ఊరిని ఎలా లొంగదీసుకోవచ్చో చూపించే కథ అది, హైదరాబాద్ చుట్టుపక్కల పొలాలు ప్లాట్లుగా మారడం చూసినవాళ్ళకి బాగా తగులుతుంది.

ఒక్కటే చూసే తీరిక ఉంటే మాత్రం 1976 నాటి 'ట్వెల్వ్ టాస్క్స్ ఆఫ్ ఆస్టరిక్స్' చూడండి. ఇది ఏ పుస్తకం నుంచీ తీసింది కాదు, గోసిన్నీ ఉన్నప్పుడే సినిమా కోసం రాసిన కథ. అందులో ఒక ప్రభుత్వ కార్యాలయంలోంచి పర్మిట్ ఎ38 సంపాదించుకు రావాలి. ఒక కౌంటర్ దగ్గరికి వెళ్తే ఇంకో అంతస్తుకి పంపిస్తారు, అక్కడికి వెళ్తే ముందు ఇంకో ఫారం కావాలంటారు. తిరిగి తిరిగి ఒబెలిక్స్‌కి మతి పోయే వేళకి ఆస్టరిక్స్‌కి ఉపాయం తడుతుంది. కొత్త సర్క్యులర్ బి65 ప్రకారం తనకి పర్మిట్ ఎ39 ఇవ్వమని అడుగుతాడు. అలాంటి పర్మిటే లేదు. గుమస్తాలందరూ దాని కోసం మెట్లెక్కి దిగుతూ పరుగులు పెడతారు, చివరికి ఆఫీసు అంతా తలకిందులై, ఎ38 కాగితం తెచ్చి ఆస్టరిక్స్ చేతిలో పెట్టి, ఇక పొమ్మంటారు.